ఎంట్రీ ఫారంలో ఆ గడి తీసేయండి: ఫొటో పోటీల నిర్వాహకులకు, న్యాయనిర్ణేతలకు బహిరంగ లేఖ

ఫొటోగ్రఫీ పోటీలు, ప్రదర్శనలు నిర్వహిస్తున్న సంస్థల బాధ్యులకు, వాటిలో న్యాయనిర్ణేతలుగా కూర్చునే పెద్దలకు నమస్కారాలు.

పాతికేళ్లకు పైగా ఫొటోలు తీస్తూ, అందులో సగం కాలం పిల్లలకు నేర్పుతూ, మీరు పిలిచినప్పుడల్లా మీ పక్కనే కూర్చుని మార్కులు కూడా వేస్తూ వచ్చాను. ఆ చనువుతోనే ఈ లేఖ రాస్తున్నాను. నా విన్నపం చిన్నది. మీ ఎంట్రీ ఫారంలో ‘కెమెరా, లెన్సు వివరాలు’ అని ఒక గడి ఉంటుంది. దాన్ని తీసేయండి. ఒకవేళ ఉంచక తప్పదనుకుంటే, ఫలితాలు ప్రకటించేదాకా ఆ వివరాలు న్యాయనిర్ణేతల కంట పడకుండా చూడండి. దానితోపాటు ‘ఇన్ని మెగాపిక్సెళ్లకు తగ్గకూడదు’ అన్న నియమాన్నీ (మెగాపిక్సెల్ అంటే ఫొటోలోని పది లక్షల చుక్కలు, అంటే పిక్సెళ్లు), ఫోనుతో తీసిన ఫొటోలను విడిగా ఒక మూల కూర్చోబెట్టే పద్ధతినీ ఒక్కసారి పునరాలోచించండి.

ఇంత పట్టుగా అడగడానికి కారణమైన సంఘటన చెబుతాను. ఆ పోటీ పేరు, నిర్వహించిన సంస్థ పేరు ఇక్కడ అనవసరం. చీకటి గదిలో అయిదుగురం కూర్చున్నాం. తెర మీద ఒక్కో ఫొటో వస్తోంది, పోతోంది. అప్పటికి మూడు గంటలయింది, కళ్లు అలిసిపోయాయి. అంతలో ఒక ఫొటో వచ్చింది. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద ఒక తండ్రి, ఆయన ఒళ్లో ఒళ్లు మరిచి నిద్రపోతున్న చిన్నపిల్ల. వరండా చివరన తెరిచి ఉన్న తలుపులోంచి వచ్చిన వెలుతురు ఆ పిల్ల చెంప దగ్గర ఆగిపోయింది. ఆ పిల్ల చెప్పు ఒకటి జారి నేల మీద పడి ఉంది. దాన్ని తీయడానికి తండ్రి ఒక చెయ్యి కిందికి చాచాడు, కానీ వంగితే పిల్ల లేస్తుందేమోనని మధ్యలోనే ఆగాడు. వేళ్లకూ చెప్పుకూ నడుమ జానెడు దూరం ఉంది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఎదురుగా ఉన్న కాగితం మీద నేను వేసుకున్న అంకె ఆ రోజు నేను వేసిన వాటిలో అన్నిటికంటే పెద్దది.

అప్పుడు వివరాలు చదివే వ్యక్తి అలవాటుగా, ‘ఫోనుతో తీసింది’ అన్నారు. అంతే, గది తీరు మారిపోయింది. ఒకరు ముందుకు వంగి నీడల్లో గరుకుదనం కనిపిస్తోందన్నారు. అర నిమిషం ముందు వారికది కనిపించలేదు. మరొకరు పెద్ద సైజులో ప్రింటు వేస్తే నిలవదన్నారు. ప్రధాన విభాగంలో ఉండవలసిన ఫొటో కాదని చివరికి తేల్చి, ఫోను విభాగంలోకి పంపి, అక్కడ ప్రోత్సాహక బహుమతి ఇచ్చి సరిపెట్టారు. ఆ నిర్ణయం రాసిన కాగితం మీద నా సంతకం కూడా ఉంది. గట్టిగా అభ్యంతరం చెప్పవలసిన చోట చెప్పలేకపోయానన్న బాధ ఇప్పటికీ వదలలేదు.

ఆ అర నిమిషంలో ఫొటోలో మారిందేమీ లేదు. వెలుతురు అదే, తండ్రి చెయ్యి అదే, జానెడు దూరమూ అదే. మారింది మన చూపు ఒక్కటే. ఏ కెమెరా అని తెలిసిన క్షణం నుంచి మనం ఫొటోను చూడటం మానేసి, దానిలో లోపాలు వెతకడం మొదలుపెట్టాం. ఇది ఆ గదిలో కూర్చున్నవారి దుర్బుద్ధి అని నేననను, వాళ్లందరూ నాకంటే అనుభవజ్ఞులు. ముందే చెవిన పడ్డ మాట కంటికి అడ్డుపడటం మనుషులందరికీ ఉన్నదే కాబట్టి, ఆ మాట చెవిన పడకుండా చూసే పూచీ నియమావళి మీద ఉంటుంది.

ఫొటో తీసేవారి నేర్పు ఎక్కడుంటుందో నా తరగతిలో జరిగిన ఒక చిన్న సంగతితో చెబుతాను. ఒక పెద్దావిడ కిటికీ పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తున్నారు. ఆవిడ అనుమతి తీసుకుని ఇద్దరు విద్యార్థులను తీయమన్నాను. ఒకరి చేతిలో వెలుతురును పట్టే సెన్సర్ పెద్దదిగా ఉండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, దానికి 85 మిల్లీమీటర్ల ఎఫ్/1.4 లెన్సు ఉన్నాయి. రెండో విద్యార్థిది వెనక తెర మీద చీలిక పడ్డ పాత కెమెరా, దానితోపాటు పెట్టెలో వచ్చిన మామూలు లెన్సు. మొదటి విద్యార్థి కిటికీకి వీపు పెట్టి నిలబడ్డాడు. వెలుతురంతా ఆవిడ ముఖం మీద సమంగా పడింది, ఎక్కడా నీడ లేదు, ఎక్కడా లోతూ లేదు. పైగా అంత ఖరీదైన లెన్సు కొన్నది వెనకంతా మసకబారడం కోసమే కదా అని ఎపర్చర్‌ను, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, పూర్తిగా తెరిచాడు (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే ఆ రంధ్రం అంత పెద్దది). మీటరు దూరంలో ఆ లెన్సును ఎఫ్/1.4 దగ్గర వాడితే స్పష్టంగా పడే మందం సెంటీమీటరు పైచిలుకు మాత్రమే. కన్ను బ్రహ్మాండంగా వచ్చింది, కంటికి జానెడు ముందున్న సూది కరిగిపోయింది. సూది కనిపించకపోతే ఆవిడ ఏం చేస్తున్నారో చూసేవారికి ఎలా తెలుస్తుంది?

రెండో అమ్మాయి చాలాసేపు కెమెరా పైకెత్తనే లేదు. ముందు అటూ ఇటూ నడిచింది. రెండడుగులు పక్కకు జరిగితే కిటికీ వెలుతురు పక్కనుంచి పడుతుందనీ, ఆవిడ చేతుల వెనక చీకటి గోడ వస్తుందనీ, ఆ చీకటి మీద దారం వెండి తీగలా మెరుస్తుందనీ కనిపెట్టింది. తర్వాత ఆగింది. ఆవిడ దారం కొసను పెదవుల మధ్య తడిపి, ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టే దాకా ఆగి, నాలుగంటే నాలుగు ఫ్రేములు తీసింది. అందులో మూడోది ఇప్పటికీ నా తరగతి గోడ మీద ఉంది. ఆ రెండడుగులు ఏ కెమెరా వేయదు. దృశ్యంలో వస్తువుల మధ్య దూరాలు, పరిమాణాలు ఎలా కనిపించాలన్నది నిర్ణయించేది మనం నిలబడిన చోటు. ఆ చోటు నుంచి ఎంత మేర ఫ్రేములోకి వస్తుందన్నది మాత్రమే లెన్సు చూసుకుంటుంది. ఈ ఒక్క సంగతి విద్యార్థులకు ఒంటబట్టించడానికి నాకు నెలలు పడుతుంది.

అయితే పరికరానికి విలువే లేదని నేనంటున్నానని దయచేసి అనుకోవద్దు. అలా అంటే అబద్ధమే అవుతుంది. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి నేలను విడుస్తాయా లేదా అన్నది ఏ చిత్రకారుడి కంటికీ చిక్కలేదు. 1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ వరుసగా 12 కెమెరాలు నిలబెట్టి, గుర్రం తగిలితే షటర్ పడేలా దారాలు కట్టి తీశాకే విడుస్తాయని తేలింది. హెరాల్డ్ ఎడ్జర్టన్ 1957లో తీసిన, పాలచుక్క పడి కిరీటంలా లేచిన ఫొటో సెకనులో అతిచిన్న వంతు మాత్రమే వెలిగే ఫ్లాష్ లేనిదే సాధ్యం కాదు. ఎగిరే పక్షి రెక్కను ఆపాలంటే సెకనులో రెండువేలవ వంతు వేగం, ఆ వేగానికి సరిపడా వెలుతురును లోపలికి రానిచ్చే పొడవాటి లెన్సు కావాలి. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. ఫోన్లలో పెద్దదిగా చెప్పుకునే ఒక అంగుళం రకం సెన్సర్ 13.2 మిల్లీమీటర్ల వెడల్పు, 8.8 మిల్లీమీటర్ల ఎత్తు మాత్రమే. విస్తీర్ణంలో ఏడు రెట్లకు పైగా తేడా ఉంది. మసక వెలుతురులో ఆ తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. దాన్ని దాచిపెట్టి, కన్నుంటే చాలు కెమెరా ఏదైనా ఒకటేనని పిల్లలకు చెప్పడం వాళ్లను తప్పుదారి పట్టించడమే.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. పరికరం ఒక అవకాశాన్ని ఇస్తుంది. ఆ అవకాశాన్ని వాడుకున్నారా లేదా అన్నది ఫొటోలోనే కనిపిస్తుంది కాబట్టి, దాన్ని విడిగా కాగితం మీద చదవవలసిన పని న్యాయనిర్ణేతకు లేదు. పక్షి రెక్క ఆగిందా, ఆగితే ఆ ఆగిన తీరులో అందం ఉందా అన్నది తెర మీద తెలుస్తుంది. ఈ సందర్భంలోనే మరో మాట చెప్పాలి. పోటీకి ఏ అంశం ఇస్తారన్నది మీరు అనుకునేకంటే పెద్ద విషయం. వరుసగా మూడేళ్లు వన్యప్రాణులు, క్రీడలు, రాత్రి ఆకాశం అని అంశాలు ఇస్తూ పోతే, పొడవాటి లెన్సులు లేనివారికి మీరు తలుపు వేసినట్టే. ఆ అంశాలను మానేయమనను. వాటి పక్కన ఇంట్లో మనిషి, పనిచేసే చేతులు, వాన వెలిసిన తర్వాత నేల లాంటివి కూడా ఉంచండి. అప్పుడు పోటీ అందరిదీ అవుతుంది.

కెమెరా పెద్దదైనా, చిన్నదైనా, చివరికి మనిషి ఏం తెలుసుకుని వచ్చాడన్న దగ్గరికే విషయం చేరుతుందని చరిత్ర చెబుతుంది. అమెరికా ప్రకృతి దృశ్యాల ఫొటోగ్రాఫర్ ఏన్సెల్ ఆడమ్స్ సామాన్యమైన పరికరాలు వాడినవాడు కాదు. ఎనిమిది అంగుళాలకు పది అంగుళాల నెగటివ్ తీసే భారీ కెమెరాను కారులో వేసుకుని తిరిగేవాడు. 1941లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ అనే చిన్న ఊరి మీదుగా వెళుతుండగా, మంచుకొండల మీద చంద్రుడు, కింద శ్మశానంలో సాయంకాలపు ఎండకు వెలుగుతున్న తెల్లని శిలువలు కనిపించాయి. గబగబా కెమెరా నిలబెట్టాడు గానీ వెలుతురును కొలిచే ఎక్స్‌పోజర్ మీటరు ఎక్కడ పెట్టాడో దొరకలేదు. ఎండ క్షణాల్లో పోయేలా ఉంది. చంద్రుడి ప్రకాశం చదరపు అడుగుకు 250 క్యాండిళ్లని అతనికి గుర్తుంది. దాన్ని బట్టి మనసులోనే లెక్క కట్టి ఎఫ్/32 దగ్గర ఒక సెకను ఎక్స్‌పోజర్ ఇచ్చాడు. రెండో నెగటివ్‌కు సిద్ధమయ్యేసరికి శిలువల మీద ఎండ పోయింది. ఆ ఒక్క నెగటివ్‌నే తర్వాత దశాబ్దాల పాటు డార్క్‌రూమ్‌లో మళ్లీ మళ్లీ ప్రింటు వేసుకుంటూ మెరుగుపరిచాడు. ఆ ఫొటోకు మూలం పెద్ద కెమెరానా అంటే, అవును, అందులోని వివరాల సమృద్ధి దాని చలవే. కానీ ఆ సాయంత్రం పరికరాల్లో ఒకటి చేతికందకుండా పోయినప్పుడు పనిని నిలబెట్టింది తలలో ఉన్న లెక్క. మీ ఎంట్రీ ఫారంలో కెమెరా పేరుకు గడి ఉంది, ఆ లెక్కకు లేదు.

అమెరికా ఫొటోగ్రాఫర్ డొరొతియా లాంగ్ 1936 మార్చిలో కాలిఫోర్నియాలో నెలరోజుల పని ముగించుకుని ఇంటికి వెళుతూ, బఠానీ కోత కూలీల శిబిరం అన్న బోర్డును దాటి దాదాపు ఇరవై మైళ్లు వెళ్లిపోయింది. తర్వాత మనసు ఒప్పక కారు వెనక్కి తిప్పింది. వలస తల్లి ఫొటోగా లోకానికి తెలిసినది ఆ వెనక్కి తిప్పిన కారు వల్ల వచ్చింది. మరో అమెరికా ఫొటోగ్రాఫర్ మార్గరెట్ బర్క్-వైట్ 1946లో గాంధీజీని రాట్నం దగ్గర తీయడానికి వెళితే, ఆయన కార్యదర్శి ముందు నువ్వు నూలు వడకడం నేర్చుకో అన్నారు. నేర్చుకుంది. మసక వెలుతురున్న ఆ గదిలో మూడే మూడు ఫ్లాష్ బల్బులు వాడుకోవచ్చన్నారు. రెండు ప్రయత్నాలు వృథా అయ్యాక మూడోది ఫలించింది. ఇందులో పరికరం పాత్ర ఉంది, విఫలమైన పరికరం పాత్ర కూడా ఉంది. కానీ రాట్నం ఎలా తిరుగుతుందో తన చేతులతో తెలుసుకున్న మనిషికి, ఆ రాట్నాన్ని ఫ్రేములో ఎక్కడ ఉంచాలో తెలియడం సహజమే కదా!

ఇక మెగాపిక్సెళ్ల నియమం సంగతి. పెద్ద ప్రింట్లు వేయాలి కాబట్టి కనీసం 20 మెగాపిక్సెళ్లు, 24 మెగాపిక్సెళ్లు ఉండాలని రాస్తున్నారు. మన సంఖ్యలనే ఒకసారి సరిచూసుకుందాం. 12 మెగాపిక్సెళ్ల ఫొటో సాధారణంగా అడ్డంగా 4000, నిలువుగా 3000 పిక్సెళ్లు ఉంటుంది. చేతిలో పట్టుకుని దగ్గరగా చూసే ప్రింటుకు అంగుళానికి 300 పిక్సెళ్లు లెక్క వేసుకున్నా 13 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు వస్తుంది. గోడకు తగిలించి కొన్ని అడుగుల దూరం నుంచి చూసే ప్రింటుకు అంగుళానికి 150 చాలు. అంటే అదే ఫొటో 26 అంగుళాల వెడల్పు దాకా నిశ్చింతగా వెళుతుంది. మీ ప్రదర్శనల్లో దానికంటే పెద్ద ప్రింట్లు ఎన్ని ఉంటాయి? పైగా మెగాపిక్సెళ్లు రెట్టింపైతే ప్రింటు రెట్టింపు కాదు. 12 నుంచి 24కు వెళితే వెడల్పు ఒకటిన్నర రెట్లు కూడా పెరగదు, ఒకటికి 1.4 వంతున పెరుగుతుంది. వెడల్పు నిజంగా రెట్టింపు కావాలంటే నాలుగింతలు, అంటే 48 మెగాపిక్సెళ్లు కావాలి. కాబట్టి నియమం రాయక తప్పకపోతే మీరు వేయబోయే ప్రింటు కొలత చెప్పి, దానికి సరిపడా పిక్సెళ్లు అడగండి. అది న్యాయం. కారణం చెప్పకుండా పెట్టిన సంఖ్య కొందరిని గుమ్మం దగ్గరే ఆపేయడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

మీలో కొందరు నాతో అన్న మాట ఒకటుంది: ఫోను తనంతట తానే పది ఫ్రేములు కలిపి, నీడలు లేపి, చర్మం నునుపు చేస్తుంది, అందులో మనిషి చేసిందేముంది అని. ఆ ప్రశ్నలో సత్తా ఉంది, తేలిగ్గా కొట్టిపారేయను. కానీ ఆ తర్కాన్ని చివరిదాకా తీసుకెళ్లండి. ఇవాళ్టి ఖరీదైన కెమెరా మనిషి కన్నును, పక్షి కన్నును తానే వెతికి పట్టుకుంటుంది, సెకనుకు ఇరవై ముప్పై ఫ్రేములు తీస్తుంది. యంత్రం చేసిన సాయానికి మార్కులు తగ్గించేటట్టయితే అన్నిటికంటే ఎక్కువ తగ్గించవలసింది దానికే. నిజంగా మనకున్న భయం కృత్రిమంగా మార్చిన ఫొటోల గురించి అయితే, దానికి దారి వేరే ఉంది. వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో చివరి దశకు చేరిన ఫొటోలకు కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైళ్లు అడుగుతారు. మీరూ అడగండి. అది ఫొటో నిజమా కాదా అని తేల్చడానికి, కెమెరా ఏ స్థాయిదని తేల్చడానికి కాదు. ఫోను ఫొటోలకు పోటీల్లో చోటివ్వడం కొత్త సాహసమేమీ కాదు. 2011లో పిక్చర్స్ ఆఫ్ ది ఇయర్ ఇంటర్నేషనల్ పోటీలో, అఫ్గానిస్థాన్‌లో ఉన్న అమెరికా సైనికుల మీద డేమన్ వింటర్ ఫోనుతో తీసిన ఫొటో కథనానికి మూడో బహుమతి వచ్చింది. అప్పుడూ వాదోపవాదాలు జరిగాయి.

కెమెరా గడి తీసేశాక మిగిలిన చోటులో ఏం అడగాలంటే, నా సలహా ఇది: ఎంపికైన ఫొటోకు ముందు తీసిన అయిదు ఫ్రేములు, తర్వాత తీసిన అయిదు ఫ్రేములు చిన్న సైజులో పంపమనండి. ఫిలిం రోజుల్లో 36 ఫ్రేముల కాంటాక్ట్ షీటు (రీలులోని ఫ్రేములన్నీ వరుసగా చిన్న సైజులో వేసిన ప్రింటు) చూస్తే మనిషి ఎలా ఆలోచించాడో అడుగడుగునా తెలిసిపోయేది. ఎక్కడ నిలబడి మొదలుపెట్టాడు, ఎప్పుడు ఒక అడుగు ముందుకేశాడు, ఏది నచ్చక మళ్లీ తీశాడు, అసలైన క్షణం వచ్చాక గుర్తుపట్టాడా లేక దాన్ని దాటిపోయాడా అన్నవన్నీ ఆ వరుసలో ఉంటాయి. అదృష్టవశాత్తూ తగిలిన ఫొటోకూ, వెతికి పట్టుకున్న ఫొటోకూ తేడా అక్కడే తెలుస్తుంది. నేర్చుకునేవారికి దాన్ని మించిన పాఠం లేదు కాబట్టి, బహుమతి పొందిన ఫొటోల పక్కన ఆ వరుసలను కూడా ప్రదర్శించండి.

ఎందుకంటే మీ ప్రదర్శనల్లో ఫొటో కింద అట్ట ముక్క మీద కెమెరా పేరు, లెన్సు పేరు, ఎపర్చర్ ముద్రిస్తున్నారు. ఒకసారి ఒక కుర్రాడు ఆ అట్టల ముందు మాత్రమే ఆగుతూ హాలంతా తిరగడం చూశాను. చిన్న నోటు పుస్తకంలో లెన్సు పేర్లు రాసుకుంటున్నాడు. ఒక్క ఫొటో వైపు కూడా తలెత్తి పట్టుమని పది సెకన్లు చూడలేదు. అతణ్ని తప్పుపట్టను, ఏది ముఖ్యమో మనమే అచ్చు వేసి చూపించాం. నా విద్యార్థుల్లోనే ఒకరు అట్లాంటి అట్ట చూసి, అప్పు చేసి లెన్సు కొని, ఆ అప్పు తీర్చడం కోసం ఏడాది పాటు ఫొటోలు తీయడం పక్కనపెట్టి వేరే పనికి వెళ్లవలసి వచ్చింది. ఆ ఏడాదిలో ఆ చెయ్యి పోగొట్టుకున్న సాధన నాకు తెలుసు. అట్ట మీద లెన్సు పేరుకు బదులు ఆ ఫొటో ఏ వేళ, ఏ వెలుతురులో, ఎంతసేపు ఆగి తీశారో రెండు వాక్యాలు రాయించండి. ఆ కుర్రాడు అప్పుడు వాటిని రాసుకుంటాడు.

ఆసుపత్రి వరండా ఫొటో తీసినవారికి ఫలితాలు వచ్చాక నేను ఉత్తరం రాశాను. అక్కడ ఎంతసేపు ఉన్నారని అడిగాను. తండ్రితో మాట కలిపి, ఫొటో తీయవచ్చా అని అడిగి, ఆయన సరేనన్నాక కూడా నలభై నిమిషాలు ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చున్నారట. చెప్పు జారింది చివర్లోనట. ముందు తీసిన ఫ్రేములు కూడా నాకు పంపారు. మూడింటిలో వెలుతురు ఇంకా గోడ మీదే ఉంది, పిల్ల చెంప దాకా రాలేదు. అది అక్కడికి వస్తుందని ముందే అనుకుని కూర్చున్నారన్న సంగతి ఆ మూడు ఫ్రేములు చూశాకే నాకు అర్థమయింది. ఆ రోజు మేం అయిదుగురం వాటిని చూసి ఉంటే ఆ ఫొటోను ఏ విభాగంలో ఉంచాలన్న ప్రశ్నే వచ్చేది కాదు.

వచ్చే పోటీకి నియమావళి అచ్చుకు వెళ్లేలోగా ఈ మార్పుల మీద మీ సంఘంలో చర్చ జరగాలని కోరుతున్నాను. అన్నీ ఒకేసారి కాకపోయినా పరవాలేదు, ఈసారికి కెమెరా వివరాలు మూసి ఉంచి ఒక్క విభాగానికి మార్కులు వేసి చూడండి. నన్ను న్యాయనిర్ణేతగా పిలవదలచుకుంటే ఏ పారితోషికం లేకుండా వస్తాను. తెర మీద ఫొటో ఉన్నంతసేపు ఎవరూ కెమెరా పేరు చదవరన్న హామీ ఒక్కటి ఇవ్వండి.

ఇట్లు,
మీ ప్రదర్శనలకు ఏటా వచ్చే ఒక ఫొటోగ్రాఫర్